ఇంటి రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ: పెట్టుకోదగ్గదే, కానీ...

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అంటే రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే లైనక్స్ ఆధారిత ఉచిత సాఫ్ట్‌వేర్. ఎక్కించే ముందు చూడాల్సింది పెట్టె మీద పేరు కాదు, రౌటర్ అడుగున స్టిక్కర్ మీది హార్డ్‌వేర్ వెర్షన్. పేరు ఒకటే అయినా వీ1లో ఒక చిప్, వీ2లో ఇంకోటి ఉండొచ్చు. 4 ఎంబీ ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ ఉండే శాశ్వత నిల్వ), 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటి జోలికి పోవద్దు. 16, 128 ఉంటే హాయి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉన్నవీ వద్దు, ఓపెన్ డ్రైవర్లు అంతంతమాత్రం.

సోర్స్ కోడ్ నుంచి సొంతంగా బిల్డ్ చేసేవాళ్లకి అసలు వరం ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్, అంటే ర్యామ్‌లోనే నడిచే ఇమేజ్. యూ-బూట్ (రౌటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) నుంచి టీఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే సాదా పద్ధతి) నేరుగా ర్యామ్‌లోకి లోడవుతుంది, ఫ్లాష్‌ని ముట్టుకోదు. బిల్డ్ చెడితే కరెంటు తీసి పెట్టండి, పాతదే లేస్తుంది. దీనికి సీరియల్ (బోర్డు పిన్‌ల నుంచి కంప్యూటర్‌కి తీగలతో కలిపే కనెక్షన్) కావాలి: 3.3 వోల్టుల యూఎస్‌బీ అడాప్టర్, చాలా బోర్డులకి 115200 వేగం. గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది) మూడే కలపాలి, వీసీసీ (కరెంటు పిన్) వదిలేయండి. తెర ఖాళీగా ఉంటే టీఎక్స్, ఆర్ఎక్స్ తీగలు అటూఇటూ మార్చి చూడండి. పిచ్చి అక్షరాలొస్తే వేగం తప్పు.

ఫ్లాష్ చేసే ముందు ఎంటీడీ పార్టిషన్లన్నీ (ఫ్లాష్‌లోని భాగాలు) కాపీ తీసుకోండి. వాటిలో ఉండే వైఫై క్యాలిబ్రేషన్ డేటా (రేడియో సర్దుబాటు విలువలు) ఏ రౌటర్‌ది దానిదే. పోతే ఇంకెక్కడా దొరకదు.

ఎక్కించాక వైఫై కనబడలేదని కంగారొద్దు, చాలా రౌటర్లలో ఆపేసే వస్తుంది. కేబుల్ పెట్టి బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, ముందు పాస్‌వర్డ్, తర్వాతే వైఫై.

విసిగించేది అప్‌గ్రేడ్. కొత్త వెర్షన్ ఎక్కించే సిస్‌అప్‌గ్రేడ్ కమాండ్ సెట్టింగులు ఉంచుతుంది గానీ, మనం విడిగా వేసుకున్న ప్యాకేజీలు ఎగిరిపోతాయి. ఇమేజ్ బిల్డర్ (ఇమేజ్‌ని మనకు కావాల్సినట్టు తయారుచేసే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సాధనం)తో వాటిని ఇమేజ్‌లోనే కలిపేస్తే ఆ బాధ ఉండదు, ఫ్లాష్‌లో చోటూ మిగులుతుంది.