ట్విట్టర్ వదిలితే ఎటు? మాస్టోడాన్, బ్లూస్కై, థ్రెడ్స్

2020లో మొదలైన, ట్విట్టర్ లాంటి కూ యాప్‌లో తెలుగులో రాసుకునే వీలుండేది. 2024 జులైలో అది మూతపడింది. అక్కడ కూడబెట్టుకున్న ఫాలోవర్లను మరోచోటికి తీసుకెళ్లే దారి ఎవరికీ లేకపోయింది. అందుకే ట్విట్టర్‌కు బదులు ఏది మేలని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఒక్కటే: రేపు మళ్లీ మూట సర్దాల్సి వస్తే వెంట ఏమొస్తుంది?

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక జనం మొదట పరుగెత్తింది మాస్టోడాన్‌కే. దానికి యజమాని అంటూ ఒకరు ఉండరు. ఎవరి సర్వర్ (ఖాతాలు ఉండే కంప్యూటర్) వాళ్లు నడుపుకుంటారు, సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. చిక్కల్లా చేరేటప్పుడే, ఏ సర్వర్ ఎంచుకోవాలో తోచదు. అలా వెళ్లిన 1,36,009 మందిని పరిశోధకులు గమనిస్తే, దాదాపు 96 శాతం మంది పెద్ద సర్వర్లలోనే చేరారని తేలింది. ఒక్కడి పెత్తనం వద్దని వెళ్లి, మళ్లీ గుంపులోనే దూరారన్నమాట! చాలామంది ట్విట్టర్‌ను పూర్తిగా మానలేదు కూడా, రెండు పడవల మీదా కాళ్లు పెట్టారు. సర్వర్ మారితే మాస్టోడాన్‌లో ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు.

థ్రెడ్స్‌లో సర్వర్ ఎంచుకునే తలనొప్పి లేదు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాతో లోపలికి వెళ్లిపోవచ్చు. 2023 జులైలో మొదలైన 5 రోజుల్లోనే 10 కోట్ల మంది చేరింది అందుకే. కానీ పెళ్లి ఫోటోలకు లైకులు కొట్టే చుట్టాలు, రాజకీయాలపై వాదించుకునే స్నేహితులు ఒకరే కాదు కదా. పైగా మొదటి నెలల్లో థ్రెడ్స్ ఖాతా తీసేయాలంటే ఇన్‌స్టాగ్రామ్ కూడా పోగొట్టుకోవాల్సి వచ్చేది.

నా ఓటు బ్లూస్కైకి. 2024 ఫిబ్రవరి దాకా ఆహ్వానం ఉంటేనే రానిచ్చేవారు, అదొక టెన్షన్. ఆ ఆగస్టు చివర బ్రెజిల్ సుప్రీంకోర్టు ఎక్స్‌ను (ట్విట్టర్ కొత్త పేరు) నిలిపేయించాక అక్కడివాళ్లు ఇటు పోటెత్తారు. నవంబరుకల్లా ఖాతాలు 2 కోట్లు దాటాయి. ఇక్కడి స్టార్టర్ ప్యాక్‌తో ఒకరు కూర్చిన జాబితాలోని వాళ్లందరినీ ఒక్క నొక్కుతో ఫాలో కావచ్చు. వలసలో అసలు కష్టం మనవాళ్లను వెతుక్కోవడమే, అది సగం తీరుతుంది. సొంత డొమైన్‌నే (వెబ్‌సైట్ చిరునామా) పేరుగా పెట్టుకోవచ్చు. ఖాతాను పోస్టులతో సహా వేరే సర్వర్‌కి మార్చుకునే ఏర్పాటూ ఉంది, కాకపోతే కాస్త సాంకేతికం తెలిసినవాళ్లకే.

ఎటు వెళ్లినా పాత ప్రొఫైల్లో కొత్త చిరునామా ముందే రాసిపెట్టండి. 2022 డిసెంబరులో ట్విట్టర్ కొన్ని రోజులు మాస్టోడాన్ లింకులనే అడ్డుకుంది.