జేన్ ఆస్టెన్ చిన్ననాటి రాతల్లో ముందు ఏది చదవాలి?

జేన్ ఆస్టెన్ ఆరు నవలలూ పూర్తిచేసినవాళ్లు ఆ తర్వాత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఆవిడ చిన్నప్పుడు రాసినవి కూడా ఉన్నాయట కదా, వాటిలో దేంతో మొదలుపెట్టాలి? ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్‌లో, 1787 నుంచి 1793 దాకా, అంటే పదకొండు పన్నెండేళ్ల వయసు నుంచి పదిహేడేళ్ల వరకు, ఇంట్లోవాళ్ల కోసం రాసి మూడు నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసుకున్న రచనలివి. ఇరవైకి పైగానే ఉన్నాయి. పోటీలో నిలిచేవి మాత్రం మూడు: ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’, ‘ద హిస్టరీ ఆఫ్ ఇంగ్లండ్’, ‘క్యాథరిన్, ఆర్ ద బవర్’. ఎవరినడిగినా మొదటిదాని పేరే చెబుతారు. నా ఓటు మూడోదానికి.

‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’కి ఉన్న పేరు ఊరికే రాలేదు. 1790 జూన్‌లో, పద్నాలుగేళ్లప్పుడు రాసింది. కన్నీళ్లు, మూర్ఛలు, తొలిచూపు ప్రేమలతో నిండిన అప్పటి నవలల్ని ఉతికి ఆరేసింది. లారా, సోఫియా అనే ఇద్దరు స్నేహితురాళ్లు సోఫా మీద వంతులవారీగా మూర్ఛపోతారు. చివరికి తడి గడ్డి మీద మూర్ఛపోవడం వల్లే జబ్బుచేసి సోఫియా చనిపోతుంది. పోతూ పోతూ, పిచ్చెక్కితే ఎక్కనీ గానీ మూర్ఛ మాత్రం పోవద్దు అని లారాకి బుద్ధి చెబుతుంది. అంతకంటే నాకు నచ్చేది దొంగతనం. ఆశ్రయమిచ్చిన బంధువు సొరుగులోంచి సోఫియా మహారాణి ఠీవితో ఐదో నోటు తీసి తన పర్సులో వేసుకుంటుండగా ఆయన లోపలికొస్తాడు. అప్పుడు కోపం తెచ్చుకునేది సోఫియాయే! తన ఏకాంతాన్ని భంగం చేశాడని ఆయన్నే గద్దిస్తుంది. ఇల్లెగిరిపోయేలా నవ్వొస్తుంది, సందేహం లేదు.

అయితే ఇందులో అందరి గొంతూ ఒకటే. లారా మాట్లాడినా, సోఫియా మాట్లాడినా, వాళ్ల మొగుళ్లు మాట్లాడినా వినిపించేది ఆ పాత నవలల భాషకి వెక్కిరింపే. మనుషులు నవ్వించడానికి వస్తారు, ఆ పని అయ్యాక వెళ్లిపోతారు. ఆస్టెన్ నవలల్ని మనం మళ్లీ మళ్లీ చదివేది ఇందుకేనా? ఎవరో ఒకరు నాలుగు మాటలు మాట్లాడేసరికి వాళ్ల లోపలి మనిషి మొత్తం బయటపడిపోవడం, ఆ సంగతి వాళ్లకే తెలియకపోవడం, నాకు ఆస్టెన్ అంటే అదీ. చిన్ననాటి రాతల్ని కూడా నేను ఆ ఒక్క గీటురాయి మీదే చూస్తాను.

‘హిస్టరీ’ సంగతి త్వరగా చెప్పేయొచ్చు. 1791 నవంబర్‌లో, పదిహేనేళ్లకి రాసింది. తాను పక్షపాతం, దురభిప్రాయం, అజ్ఞానం అన్నీ ఉన్న చరిత్రకారిణినని మొదట్లోనే చెప్పుకుని, తేదీలు చాలా తక్కువుంటాయని హామీ ఇస్తుంది. అక్క కసాండ్రా వేసిన రాజుల బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. నాలుగో హెన్రీ నుంచి మొదటి చార్లెస్ దాకా ఇంగ్లండ్ రాజుల వరస కాస్త తెలిసినవాళ్లకి గంటలోపు అయిపోయే పండగ. తెలియనివాళ్లకి సగం జోకులు అందవు.

ఇక ‘క్యాథరిన్’. అక్కకి అంకితమిస్తూ వేసిన తేదీ 1792 ఆగస్టు, అప్పటికి జేన్‌కి పదహారేళ్లు. పూర్తికాలేదు. క్యాథరిన్ ముద్దుపేరు కిటీ. తల్లీతండ్రీ లేని ఆ అమ్మాయిని పెళ్లికాని మేనత్త పెంచుతుంటుంది. ప్రేమ ఉంది గానీ కాపలా ఇంకా ఎక్కువ. తోటలో స్నేహితురాళ్లతో కలిసి కట్టుకున్న పొదరిల్లొకటే (పేరులోని ‘బవర్’ అదే) కిటీకి దిక్కు. ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన కమిలా స్టాన్లీతో కిటీ నవలల గురించి మాట కలుపుతుంది. అప్పటి రచయిత్రి షార్లెట్ స్మిత్ నవలలంటే ప్రాణం అంటుంది కమిలా. తీరా అడిగితే వాటిలో ఒకటి మరీ పొడుగట. బాగా రాసిన పుస్తకం నాకెప్పుడూ చిన్నదిగానే అనిపిస్తుంది అంటుంది కిటీ. నాకూ అంతే, కాకపోతే అయిపోయేలోపే విసుగొచ్చేస్తుంది అంటుంది కమిలా. మరి అందులో గ్రాస్మియర్ అనే ఊరి వర్ణనలు అని అడుగుతుంది కిటీ. ముగింపు తెలుసుకోవాలన్న తొందరలో అవన్నీ వదిలేసిందట. రచయిత్రి ఒక్క విమర్శ కూడా చెయ్యక్కర్లేకుండా కమిలా మొత్తం మన ముందు నిలబడింది. తర్వాత ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో ఇసబెల్లా థార్ప్ మాట్లాడుతుంటే నాకు కమిలాయే వినిపిస్తుంది.

దీనికి మించింది బెంగాల్ ప్రస్తావన. కిటీ స్నేహితురాలు సిసీలియాని, తండ్రి పోయాక, మొగుణ్ని వెతుక్కోమని బంధువులు ఓడెక్కించి బెంగాల్‌కి పంపేస్తారు. పెద్ద సంబంధమే దొరికింది, సుఖం మాత్రం లేదు. అదృష్టవంతురాలు అంటుంది కమిలా. కిటీ ఊరుకోదు: మనిషి ఎలాంటివాడో తెలుసుకున్నా ఇక లాభం లేని దశలో తెలుసుకోవడం అదృష్టమా అని నిలదీస్తుంది. ఇది గాల్లోంచి పుట్టిన కోపం కాదు. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా ఇలాగే 1752లో ఓడెక్కి మన కోరమండల్ తీరానికొచ్చి, మరుసటేడు కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హాంకాక్‌ని పెళ్లాడింది. వాళ్లమ్మాయి ఎలైజా కలకత్తాలో పుట్టింది. ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’ అంకితం ఆ ఎలైజాకే. మేనత్త కూతురిని నవ్వించిన పిల్ల, రెండేళ్లు దాటేసరికి మేనత్త బతుకు గురించి ఇంత సూటిగా అడుగుతోంది.

జేన్ కూడా ఈ ‘క్యాథరిన్’ని వదల్లేదు. రాతప్రతిలో కిటీకి మేనత్త కొనిచ్చిన మతగ్రంథం పేరు కొట్టేసి హన్నా మోర్ అనే రచయిత్రి నవల పేరు పెట్టింది. ఆ నవల వచ్చిందే 1808 చివర్లో. అంటే ముప్ఫై దాటాక కూడా ఈ కాగితాలు తీసి దిద్దుకుందన్నమాట.

‘బ్యూటిఫుల్ కసాండ్రా’ లాంటి చిట్టి ముక్కలు ఎప్పుడు చదివినా పర్లేదు. ఆస్టెన్‌దే ‘లేడీ సూసన్’ అద్భుతమే గానీ ఈ నోటుపుస్తకాల్లోది కాదు, విడిగా చదవాల్సింది.

‘క్యాథరిన్’ చదివేవాళ్లకి ఒక్క మాట. రాతప్రతిలో చివరి భాగం వేరే చేతిరాతలో ఉంది, మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్‌ది అంటారు. మంచి ముద్రణల్లో ఆ సంగతి నోట్సులో ఉంటుంది. ముందు అది చూసుకుని, జేన్ రాత ఆగినచోట మీరూ ఆగండి.