వయసు మళ్లాక సంస్కృతి యాత్ర: ఊరూరూ తిరగడమా, ఒకచోటే ఉండి నేర్చుకోవడమా?

రిటైరయ్యాక కొత్త ప్రాంతాలకు వెళ్లేవాళ్లలో కొందరికి ఫొటోలు తీసుకుని వచ్చేస్తే సరిపోదు. అక్కడి పాట ఎలా పుట్టింది, ఆ బుట్టల అల్లిక ఎవరి చేతి పని, దాన్ని ఇప్పుడు నేర్చుకునే పిల్లలు ఉన్నారా అని తెలుసుకోవాలని ఉంటుంది. తెలిసినవాళ్లు చెబుతుంటే వినాలని, మధ్యలో ఆపి అడగాలని ఉంటుంది. పెద్దవాళ్ల కోసం నడిపే విద్యా యాత్రలు ఇలాంటివాళ్ల కోసమే. ఒక గుంపు, వెంట ఉండే గ్రూప్ లీడర్, ఆ ప్రాంతం గురించి పాఠం చెప్పేవాళ్లు, ముందే కుదిర్చిన బస, భోజనం. పరీక్షలు ఉండవు, మార్కులు ఉండవు.

బయటికి అన్నీ ఒకేలా కనిపించినా లోపల తేడా చాలా ఉంది. రెండు రాత్రులకో ఊరు మారుతూ బస్సులో తిరిగేవి కొన్ని. వారం పొడుగునా ఒకే మకాంలో ఉంచి పాఠాలు చెప్పేవి కొన్ని. నదిలో పడవ మీద సాగేవి కొన్ని. ఇవి కాక, ఏ సంస్థా లేకుండా సభ్యులే కూడి నడుపుకునేవి ఉన్నాయి. నా మొగ్గు మొదటే చెప్తాను: ఒక ప్రాంతపు సంస్కృతిని అర్థం చేసుకోవడమే ఉద్దేశమైతే ఒకే మకాం మేలు. మిగతావి ఎవరికి సరిపోతాయో కూడా చెప్తాను, ఎందుకంటే సరిపోయేవాళ్లు నిజంగానే ఉన్నారు.

ఈ యాత్రలు మొదలైందే ఒకే మకాంతో. 1975 వేసవిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో మార్టీ నోల్టన్, డేవిడ్ బియాంకో అనే ఇద్దరు ఎల్డర్‌హాస్టల్‌ను మొదలుపెట్టారు. సెలవుల్లో ఖాళీగా ఉండే కాలేజీ హాస్టళ్లలో పెద్దవాళ్లకు బస ఇచ్చి, అక్కడి అధ్యాపకులతోనే పాఠాలు చెప్పించాలన్నది ఆలోచన. మొదటి ఏడాది ఐదు కాలేజీలు, 220 మంది విద్యార్థులు. నోల్టన్ అంతకుముందు యూరప్‌లో ఏళ్ల తరబడి కాలినడకన తిరిగాడు. అక్కడి యూత్ హాస్టళ్లు, స్కాండినేవియాలోని జానపద పాఠశాలలు ఆయన్ని కదిలించాయి. డెన్మార్క్ ఆలోచనాపరుడు గ్రుంట్‌విగ్ భావాలతో 1844లో మొదలైన ఆ పాఠశాలల పద్ధతి ఏమిటంటే, పెద్దవాళ్లు ఒకచోట కలిసి ఉంటూ, కలిసి తింటూ, పాడుకుంటూ నేర్చుకోవడం. ఎల్డర్‌హాస్టల్ 2010లో రోడ్ స్కాలర్‌గా పేరు మార్చుకుంది. ఇప్పుడు బస్సు యాత్రలు, పడవ యాత్రలు కూడా నడుపుతోంది. ఎంపిక పెరగడం మంచిదే. కానీ ఆ మొదటి పద్ధతిలో ఉన్న బలం తక్కువది కాదు.

ఆ బలం ఏమిటో చెప్పడానికి అమెరికా తూర్పున ఉన్న అపలాచియన్ కొండల సంగీతాన్ని తీసుకుంటాను. టెన్నెసీ, వర్జీనియా సరిహద్దు మీద ఉన్న బ్రిస్టల్‌లో 1927లో రాల్ఫ్ పీర్ అనే నిర్మాత ఆ చుట్టుపక్కల గాయకులను పిలిచి రికార్డింగులు చేశాడు. అమెరికా కంట్రీ సంగీతానికి ఆద్యులనదగ్గ కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ మొదటిసారి రికార్డుకెక్కింది అక్కడే. ఆ చరిత్ర చెప్పే మ్యూజియం 2014 నుంచి ఆ ఊళ్లో ఉంది. బస్సు యాత్రలో దాన్ని చక్కగా చూడొచ్చు. కానీ ఆ సంగీతాన్ని మనుషులు ఇప్పటికీ పాడుకునే చోట్లు వేరు. వర్జీనియాలో ఫ్లాయిడ్ అనే చిన్న ఊళ్లోని పాత దుకాణంలో శుక్రవారం రాత్రి చేరతారు. హిల్టన్స్‌లో కార్టర్ కుటుంబం వాళ్ల హాల్లో శనివారం రాత్రి పాడతారు. గేలక్స్‌లో ఫిడేలు వాయించేవాళ్ల సమ్మేళనం 1935 నుంచి జరుగుతోంది, అది ఆగస్టులో. అంటే ఆ సంస్కృతికి వారంలో ఒక రోజు ఉంది, ఏడాదిలో ఒక ఋతువు ఉంది. మంగళవారం మధ్యాహ్నం బస్సు ఫ్లాయిడ్ దాటి వెళ్లిపోతే గైడ్ ఎంత బాగా చెప్పినా కనపడేది పాట లేని దుకాణమే. అక్కడే వారం ఉన్నవాళ్లకు శుక్రవారం ఎలాగూ వస్తుంది.

ఏ ప్రాంతమైనా ఇంతే. సంత ఒక రోజున జరుగుతుంది, ప్రార్థన ఒక రోజున జరుగుతుంది, పాట ఒక రాత్రి వినిపిస్తుంది. అందుకే యాత్ర కాగితం చేతికి రాగానే నేను ముందు చూసేది ఊళ్ల పేర్లు కాదు, ఏ ఊళ్లో వారంలో ఏ రోజున ఉంటామన్నది.

ఒకే మకాంలో రెండో లాభం, విన్నది మళ్లీ కళ్లతో చూసే వీలు. ఉదయం క్లాసులో నేత గురించి చెప్పినావిడ మధ్యాహ్నం తన మగ్గం దగ్గరే ఉంటుంది. అప్పుడు అడగాలని తట్టని ప్రశ్న మర్నాడు తడుతుంది, మర్నాడూ ఆవిడ అక్కడే ఉంటుంది. పెద్ద వయసులో కొత్త విషయం తలకెక్కడానికి ఈ రెండో రోజు చాలా అవసరమని నా నమ్మకం. నార్త్ కరోలినాలోని బ్రాస్‌టౌన్‌లో ఉన్న జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్ దీనికి మంచి ఉదాహరణ. ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్, మార్గరీట్ బట్లర్ అనే ఇద్దరు మహిళలు డెన్మార్క్ పద్ధతి చూసి వచ్చి 1925లో స్థాపించారు. అక్కడ వారం రోజులు ఒకే పని నేర్చుకుంటారు: బుట్ట అల్లడమో, కమ్మరం పనో, బాంజో వాయించడమో. చేత్తో చేసినవాడికి ఆ పని కష్టం తెలుస్తుంది. అది తెలిశాక మ్యూజియంలోని బుట్టను చూసే చూపే మారిపోతుంది.

నష్టాలూ ఉన్నాయి. పాఠం చెప్పేవాళ్లు బాగోకపోతే వారమంతా వాళ్లనే వినాలి. దూరంగా ఉన్న చోటికి వెళ్లాలంటే పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి, ఆ రోజు అలసట మామూలుగా ఉండదు. గుంపులో ఒకరితో పొసగకపోతే రోజూ అదే భోజనాల బల్ల. ప్రాంతం మొత్తం ఎలా ఉంటుందో ఒక్క ఊరి నుంచి తెలియదన్నది కూడా నిజమే.

బస్సు యాత్ర గెలిచేది ఇక్కడే. ఒక లోయలో ఒక యాస, కొండ దాటగానే ఇంకో యాస. ఇక్కడ రాతి ఇళ్లు, అక్కడ చెక్క ఇళ్లు. ఈ తేడా కళ్లారా చూస్తేనే తెలుస్తుంది. మళ్లీ ఇటువైపు వచ్చే అవకాశం ఉండదని అనుకునేవాళ్లు, లేదా ఏ చోటు నచ్చుతుందో తెలియక ముందు ఒక చుట్టు చుట్టాలనుకునేవాళ్లు దీన్నే ఎంచుకోవడం సబబు. కానీ ఒంటి మీద పడే భారం చూసుకోవాలి. పొద్దున్నే పెట్టె సర్ది గది బయట పెట్టాలి. రెండు రాత్రులకోసారి కొత్త గది, కొత్త స్నానాల గది. చీకట్లో లేచినప్పుడు స్విచ్ ఎక్కడుందో, గుమ్మం ఎంత ఎత్తో తెలియదు. పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కూర్చోవడం సంగతీ చూడాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనంలో తేలింది. మొత్తంగా చూస్తే ముప్పు తక్కువే, సుమారు 6,000 మందిలో ఒకరికి. అయినా ఇంతకుముందు గడ్డకట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడిగే బయల్దేరాలి. ఇక వినికిడి. అరవై దాటినవాళ్లలో 25 శాతానికి పైగా ఇబ్బంది పెట్టే స్థాయి వినికిడి లోపంతో ఉన్నారని అదే సంస్థ లెక్క. బస్సులో పాఠం అంటే ఇంజిన్ మోతలో మైకు మాట. ముఖం కనపడదు, పెదవులు కనపడవు. గదిలో బల్ల చుట్టూ కూర్చుని చెప్పే పాఠంతో దానికి పోలికే లేదు. నడుస్తూ వినడానికి చెవిలో పెట్టుకునే రిసీవర్లు ఇస్తారా, అవి మీ హియరింగ్ ఎయిడ్‌తో పనిచేస్తాయా అని డబ్బు కట్టకముందే అడగండి.

పడవ యాత్ర గురించి ఎక్కువ చెప్పను. పెట్టె ఒక్కసారే విప్పుతారు, ఊళ్లే మన దగ్గరికి వస్తాయి, పాఠం హాయిగా కూర్చుని వినొచ్చు. డాన్యూబ్ మీద వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ చూడాలంటే, ఒకే నది ఒడ్డున పెరిగిన రాజధానుల కథ వినాలంటే ఇది అందమైన మార్గం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మాటిమాటికీ గది మారే బాధ ఉండదు. అయితే ఊళ్లో ఉండేది కొన్ని గంటలే. సాయంత్రమయ్యేసరికి, అంటే ఆ ఊరివాళ్లు పని ముగించి మనుషుల్లో పడే వేళకు, చాలాసార్లు పడవ కదిలిపోతుంది. రేవులో పడవలను ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తే వేరే పడవల మీదుగా దాటి ఒడ్డుకు చేరాలి. లిఫ్టు ఉందా, ఉంటే అన్ని అంతస్తులకూ వెళ్తుందా అన్నది కూడా కనుక్కోవాలి. 2018లో, 2022లో రైన్ నదిలో నీళ్లు బాగా తగ్గిపోయి పడవల రాకపోకలు దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు కొంత దారి బస్సెక్కాల్సి రావచ్చు.

సభ్యులే నడుపుకునే యాత్రల మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో 1973లో పియర్ వెల్లాస్ మొదలుపెట్టిన మూడో వయసు విశ్వవిద్యాలయం, అంటే రిటైరైనవాళ్ల చదువు కోసం పెట్టింది, విశ్వవిద్యాలయాల నీడలో పెరిగింది. బ్రిటన్‌కు 1980ల మొదట్లో ఆ ఆలోచన చేరేసరికి పీటర్ లాస్‌లెట్, మైకేల్ యంగ్, ఎరిక్ మిడ్వింటర్ దాన్ని మార్చేశారు. సభ్యులే గురువులు, సభ్యులే శిష్యులు. రిటైరైన చరిత్ర టీచర్ ఒకరు, ఇంజినీర్ ఒకరు, నర్సు ఒకరు తమకు తెలిసింది మిగతావాళ్లకు చెబుతారు. ఇలాంటి బృందం కొన్ని వారాలు కలిసి చదువుకుని, ఆ తర్వాతే ఆ చోటికి వెళ్తే, వెళ్లిన మొదటి గంట నుంచే ప్రశ్నలు వస్తాయి. డబ్బిచ్చి కొనే ఏ యాత్రలోనూ ఈ తయారీ ఇంతగా ఉండదు, ఖర్చూ తగ్గుతుంది. చిక్కల్లా బాధ్యత దగ్గర. దారిలో ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఎవరు ఆగాలి? బస రద్దయితే ఎవరు మాట్లాడాలి? ప్రతిసారీ ఆ టెన్షన్ ఒకరిద్దరి మీదే పడుతుంది, వాళ్లకు యాత్ర మిగలదు. నలుగురైదుగురు పనులు పంచుకునే బృందం ఉంటేనే దీనికి దిగండి.

ఎంచుకునేది ఏదైనా, పాఠం చెప్పేదెవరో పేరుతో సహా చెప్పమని అడగండి. ఆ ప్రాంతంలో ఉండేవాళ్లా, పుస్తకం చదివి వచ్చేవాళ్లా అన్నది యాత్ర విలువను తేలుస్తుంది. రోజుకు ఎంత దూరం నడవాలో, ఎన్ని మెట్లో, దారి రాళ్లు పరిచిందో కాదో రాతపూర్వకంగా ఇవ్వాలి. "మోస్తరు నడక" అని రాస్తే ఒప్పుకోకండి. ఒంటరిగా వెళ్లేవాళ్లు విడి గదికి అదనంగా ఎంత కట్టాలో, గది పంచుకునే తోడును సంస్థే చూస్తుందా అన్నది తెలుసుకోవాలి. బీమాలో ఇప్పటికే ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులు వర్తిస్తాయా, అవసరమైతే పెద్దాసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందా అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవకుండా సంతకం వద్దు.

భార్యాభర్తల్లో ఒకరు బాగా నడవగలిగి ఇంకొకరు నడవలేకపోతే నేను వెనకాడకుండా ఒకే మకాం అంటాను. బస్సు యాత్రలో నడవలేని మనిషి బస్సులోనే కూర్చుని ఎదురుచూడాలి, లేదా ఇద్దరూ మానుకోవాలి. ఒకేచోట ఉంటే ఆ పూట గదిలోనో తోటలోనో ఉండిపోయి, సాయంత్రం క్లాసుకు ఇద్దరూ వెళ్లొచ్చు. ఒక్క ఊరు మరీ ఇరుకనిపిస్తే రెండు మకాంల యాత్రలు దొరుకుతాయేమో చూడండి: ఒక చోట నాలుగైదు రాత్రులు, ఇంకో చోట నాలుగైదు రాత్రులు, మధ్యలో ఒకే ఒక్కసారి పెట్టె సర్దడం. ప్రాంతంలోని తేడా కనపడుతుంది, పాఠం కుదురుగా సాగుతుంది. వాటిలో కనీసం ఒక మకాంకైనా శుక్రవారం, శనివారం రెండూ కలిసొచ్చేలా తేదీలు చూసుకోండి.