ఒంటరి ప్రయాణం చివర్లో విసుగొస్తే ఏది మేలు: ప్లాన్ పూర్తి చేయడమా, నేరుగా ఇంటికా, దారిలో ఆగడమా?

ఈ మధ్య నన్ను కలిసినవాళ్ళంతా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఎక్కడికి వెళ్ళాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవి ఇప్పుడెవరూ అడగడం లేదు, అవన్నీ ఫోనులోనే తెలిసిపోతున్నాయి. "మేడమ్, మొదట్లో బానే ఉంటుంది, చివరికొచ్చేసరికి ఏదీ చూడబుద్ధి కాదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, అప్పుడేం చేయాలి?" అని శ్రీకాకుళంలో మా కాలేజీ అమ్మాయిలు అడుగుతారు. రిటైరయ్యాక ఒక్కరే బదరీ దాకా వెళ్ళొచ్చిన మా పెద్దనాన్న కూడా చివరి వారం గురించే ఎక్కువ చెప్పారు. నేనూ ఈ మధ్యే హరిద్వారం, కాశీ, గయ, కలకత్తా తిరిగి వచ్చాను. చివర్లో ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది కాబట్టి తెలిసినంత రాస్తున్నాను.

ఆ విసుగు ఎక్కడి నుంచి వస్తుందో తేలితే సగం జవాబు దొరికినట్టే. ఎక్కువమంది నడక వల్ల అంటారు, ఎండ అంటారు, పూరీ కూర తిని తిని నోరు చచ్చిపోయిందంటారు. అవన్నీ ఉన్న మాటే. కానీ నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ పీల్చేసేది కాపలా. ఇద్దరు వెళ్తే ఒకరు సామాను దగ్గర కూర్చుంటారు, ఇంకొకరు టీ తెస్తారు. ఒక్కళ్ళమే ఉంటే రైల్లో బాత్రూంకి వెళ్ళడం కూడా ఒక పనే. ముందు బెర్తు కింద చెయ్యి పెట్టి బ్యాగు గొలుసుకి తాళం పడిందో లేదో తడిమి చూసుకోవాలి, ఫోను ఛార్జింగ్‌ నుంచి తీయాలి, డబ్బులూ ఆధార్ కార్డూ ఉన్న చిన్న సంచీ మెడలో వేసుకోవాలి, లోపల నేల తడి అంటకుండా దాన్ని ఒక చేత్తో పైకి పట్టుకోవాలి, తిరిగొచ్చాక మళ్ళీ వంగి బ్యాగు ఉందో లేదో చూసుకోవాలి. ఒక్క రోజైతే ఇది లెక్కలోకి రాదు. వారాల తరబడి చేసేసరికి నిద్రలో కూడా చెయ్యి సంచీ మీదే ఉంటుంది, స్టేషన్ వచ్చి బండి ఆగినప్పుడల్లా మెలకువ వచ్చేస్తుంది.

ఆడవాళ్ళకి దీని మీద ఇంకొకటి. లాడ్జికి వెళ్ళగానే కౌంటర్లో మనిషి మన భుజం మీంచి వెనక్కి చూస్తాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. తర్వాత "అకేలీ హై?" అంటాడు. గయలో ఒక లాడ్జిలో నా ఆధార్ కార్డు తిప్పి తిప్పి చూసి, లోపలికి వెళ్ళొచ్చి, రూములు లేవన్నారు. నేను ఇంకా మెట్ల మీద ఉండగానే నా వెనక వచ్చిన కుటుంబానికి తాళం ఇచ్చారు. మిట్టమధ్యాహ్నం అంత బరువు మోసుకుంటూ ఇంకో వీధి వెతకాలంటే అక్కడే ఏడుపొచ్చేసింది. (ఇలాంటి ఊళ్ళలో పెద్ద స్టేషన్ల రిటైరింగ్ రూములు నయం. కన్ఫర్మ్ అయిన టికెట్ గానీ ఆర్ఏసీ గానీ ఉంటే ఆ పీఎన్ఆర్ నంబరుతో ఆన్‌లైన్‌లోనే 48 గంటల దాకా బుక్ చేసుకోవచ్చు, ఒక్కరేనా అని ఎవరూ అడగరు.)

కాబట్టి నేను మూడు దారుల్నీ తూచేది ఒకే ప్రశ్నతో. తలుపుకి గడియ పెట్టుకుని, సామాను సంగతి మరిచిపోయి, రెండు రాత్రులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం ఎక్కడ కుదురుతుంది?

ప్లాన్ పూర్తి చేయడం సంగతి ముందు చూద్దాం. దీని పక్షాన గట్టి కారణాలే ఉన్నాయి. సెలవు పెట్టాం, డబ్బు పెట్టాం, ఇంత దూరం మళ్ళీ ఎప్పుడొస్తామో తెలీదు. మిగిలింది ఒక్క చోటే అయి, అసలు బయల్దేరిందే దాని కోసమైతే, గయలో పిండప్రదానం లాంటిదైతే, ఎంత నీరసంగా ఉన్నా అది చేసుకునే రావాలి. మిగతావాటికి మాత్రం ఈ పట్టుదల అనవసరం, ఎందుకంటే ఆ స్థితిలో కళ్ళు చూస్తాయి గానీ మనసుకి ఎక్కదు. కలకత్తా ఇండియన్ మ్యూజియం 1814లో మొదలైంది, అక్కడ భర్హుత్ స్తూపం రాతి కంచె ఉంది, రెండు వేల ఏళ్ళ నాటి చెక్కడాలు. మా శ్రీకాకుళం దగ్గరి బౌద్ధ స్తూపాల చోటు శాలిహుండం కొండ ఎక్కి వంశధార వైపు చూస్తూ పెరిగినవాళ్ళకి బౌద్ధం అంటే పరాయి సంగతి కాదు కదా, మామూలుగా అయితే ఆ గదిలోంచి నన్ను బయటికి పంపడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు నేను వెతికింది కూర్చోవడానికి ఒక బెంచీ. దాని కోసమైనా ఇంకోసారి వెళ్తాను, అది వేరే సంగతి.

ఇక నేరుగా ఇంటికి వచ్చేయడం. మనకి రైళ్ళకి లోటు లేదు. ఢిల్లీ వైపు నుంచైతే సమతా ఎక్స్‌ప్రెస్ రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరంలో దింపుతుంది. కలకత్తా నుంచైతే ఫలక్‌నుమా పొద్దున్న హౌరాలో బయల్దేరి రాత్రికి శ్రీకాకుళం స్టేషన్ ఉన్న ఆముదాలవలస చేరుస్తుంది. జ్వరమో, విరేచనాలో, ఒంట్లో బాగాలేదని గట్టిగా అనిపిస్తే ఇంకో ఆలోచన పెట్టుకోకుండా ఇదే చేయండి.

ఒంట్లో బాగానే ఉండి విసుగు మాత్రమే అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి టికెట్. అప్పటికప్పుడు వచ్చేయాలంటే తత్కాలే దిక్కు, ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి, అదొక టెన్షన్. తత్కాల్ దొరక్క మామూలు కోటాలో ఆర్ఏసీ వచ్చిందంటే సైడు లోయర్‌లో సగం సీటు మీద, ఎదురుగా ఎవరో తెలియని మనిషి, రాత్రంతా కాళ్ళు ముడుచుకుని మళ్ళీ అదే కాపలా. రెండోది ఇల్లు. ఇంటికొస్తే విశ్రాంతి అనుకుంటాం గానీ మన వైపు కాశీ వెళ్ళొచ్చిన మనిషికి ఇంట్లో విశ్రాంతి ఎక్కడిది? సమారాధన చేయాలి, చుట్టాల్ని పిలవాలి, గంగ చెంబులూ కాశీ దారాలూ ఇంటింటికీ పంచాలి. పిన్ని వస్తుంది, మావయ్య వస్తాడు, వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి నుంచీ చెప్పాలి. ఇవన్నీ నాకు ఇష్టమైన పనులే. అలిసిపోయి చేస్తే మాత్రం ముఖం మీద తెలిసిపోతుంది, వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

విమానం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డబ్బు ఉంటే విశాఖలో దిగొచ్చు, త్వరగా వస్తారు, ఇంటి సంగతి మాత్రం పైన చెప్పినట్టే ఉంటుంది. చివరి వారానికి స్నేహితుల్ని రమ్మనడం కూడా కొందరు చేస్తారు. వాళ్ళు కొత్త ఉత్సాహంతో వస్తారు, మనకి అప్పటికి ఓపిక ఉండదు, ఎక్కువగా మాటా మాటా అనుకోవడంతో ముగుస్తుంది.

నేను చేసింది, అందరికీ చెప్పేది, దారిలో ఆగడం. ఎక్కడ ఆగుతామన్న దాని మీదే ఫలితం అంతా ఉంటుంది. ఋషీకేశ్‌లోనో కాశీలోనో రెండు రోజులు పడుకుని లేచి మళ్ళీ అంత దూరం రైల్లో వస్తే, పడుకున్నదంతా ఆ రైల్లోనే ఖర్చయిపోతుంది. (అక్కడే ఆగక తప్పకపోతే కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గర మన ఆంధ్రాశ్రమం ఉంది, మన భోజనం దొరుకుతుంది.) ఆఖరి పెద్ద ప్రయాణం అయిపోయాక ఆగాలి, ఆ తర్వాత మిగిలేది పగటిపూట కొన్ని గంటలే అయ్యుండాలి. మన జిల్లాల వాళ్ళకి అలాంటి చోటు అంటే పూరీ, లేకపోతే ఒడిశాలోనే బరంపురం దగ్గరి గోపాల్‌పూర్. ఎక్కువమంది పూరీ అంటారు. పూరీ గొప్ప క్షేత్రం, అందుకే ఇలాంటప్పుడు వద్దంటాను. అంత దూరం వెళ్ళి జగన్నాథుణ్ణి చూడకుండా గదిలో పడుకోవడం మన మనసు ఒప్పుకోదు, దర్శనం అంటే మళ్ళీ క్యూ, చెప్పులు దాచుకోవడం, ఫోను దాచుకోవడం, పండాలతో మాటలు.

గోపాల్‌పూర్‌లో ఒక సముద్రం, ఒక లైట్‌హౌస్, అంతే. చూసి తీరాల్సింది ఏదీ లేకపోవడమే నాకు కావాల్సి వచ్చింది. బరంపురం స్టేషన్లో దిగితే పదిహేను కిలోమీటర్లు. బరంపురం 1936 దాకా మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, ఇప్పటికీ అక్కడ తెలుగువాళ్ళు చాలామంది. స్టేషన్ బయట హిందీలో బేరం మొదలుపెట్టబోతే ఆటో అబ్బాయి "ఎక్కడికమ్మా?" అన్నాడు, ఆ ఒక్క మాటతో సగం బరువు దిగింది. గదికి వెళ్ళి చేసిన మొదటి పని ఉన్న బట్టలన్నీ ఉతికి వరండాలో ఆరేయడం. పెట్టుకోవడానికి గొలుసు లేదు, మోయడానికి సంచీ లేదు, తాళంచెవి ఒక్కటి పట్టుకుని ఇసకలోకి వెళ్ళి కూర్చున్నాను. రాత్రి మెస్సులో పప్పూ అన్నం, పక్కన అప్పడం. పడుకుంటే మర్నాడు ఎండ కిటికీలోకి వచ్చేదాకా మెలకువ రాలేదు. మా అమ్మ మాత్రం ఫోనులో "బరంపురం దాకా వచ్చీసి అక్కడేటి చేస్తున్నావే?" అని అడుగుతూనే ఉంది. మీ ఇంట్లోవాళ్ళూ అడుగుతారు, వెళ్ళేముందే చెప్పి ఉంచండి.

ఖర్చు కొంత పెరుగుతుంది, రెండు రాత్రుల గది అద్దె, భోజనం. ఆదివారాలూ పండగ సెలవులూ తప్పించండి, బరంపురం జనమంతా ఆ ఇసకలోనే ఉంటారు, గదుల రేట్లు కూడా ఎక్కువే.

టికెట్ విషయంలో చాలామందికి తెలియంది ఒకటుంది. 500 కిలోమీటర్లు దాటిన టికెట్ మీద, మొదటి 500 ప్రయాణించాక, దారిలో ఒకసారి దిగి రెండు రోజుల దాకా ఆగొచ్చు, దిగిన రోజూ ఎక్కే రోజూ ఆ లెక్కలోకి రావు. హౌరా నుంచి భువనేశ్వర్ 437 కిలోమీటర్లే, అక్కడ కుదరదు. బరంపురం 600 దాటుతుంది కాబట్టి కుదురుతుంది. కౌంటర్లో రిజర్వేషన్ చేయించుకునేటప్పుడే చెప్పి రెండు బళ్ళలోనూ బెర్తు తీసుకోవాలి, దిగగానే స్టేషన్ మాస్టర్ దగ్గర టికెట్ మీద రాయించుకోవాలి. రాజధాని లాంటి బళ్ళకి ఇది వర్తించదు. ఇదంతా ఎందుకనుకుంటే బరంపురం దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి వేరు వేరుగా తీసుకోండి, తేడా పెద్దగా ఉండదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి ఈ ఆగడం కూడా మొదటి రోజు నుంచే ప్లాన్‌లో రాసిపెట్టుకోవడం మంచిది, విసుగొచ్చాక వెతుక్కోవడం కష్టం.

చివరి బండి పగలు చేరేది చూసుకోండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆముదాలవలసలో ఉంది, టౌనుకి ఇంకా పదమూడు కిలోమీటర్లు, రాత్రి పొద్దుపోయి దిగితే అన్ని వారాలూ క్షేమంగా తిరిగి, ఇంకాసేపట్లో ఇల్లు అనగా స్టేషన్ బయట ఆటో కోసం నిలబడాలి. పొద్దున్న బరంపురంలో ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు.