ఎక్స్‌రే టెక్నీషియన్ ఇంటర్వ్యూ బిట్ బ్యాంక్: ఏ పేజీలు చదవాలి, ఏవి కొట్టేయాలి

కోఠిలో పాత పుస్తకాల షాపుల దగ్గర, అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లలో స్పైరల్ బైండింగ్‌తో దొరికే ప్రశ్నలు-జవాబుల పుస్తకం మీద ఈ రివ్యూ. అట్ట మీద రాసినవాళ్ల పేరుండదు, ఏ ఏడాది ప్రింటో ఉండదు. డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా), బీఎస్సీ ఇమేజింగ్ అయిపోయిన పిల్లలు ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి తిరగేసేది దీన్నే. ప్రశ్నల ఎంపిక చాలావరకు బాగుంది. చిక్కంతా జవాబులతోనే. పుస్తకం ఒక కాలు పాత డార్క్‌రూమ్‌లో, ఇంకో కాలు అమెరికాలో పెట్టి నిలబడింది. హైదరాబాద్ ఆస్పత్రిలో ఇంటర్వ్యూ బోర్డు ముందు ఆ రెండు చోట్లా జారిపడే ప్రమాదం ఉంది.

మొదటి భాగం చరిత్ర. రాంట్‌జెన్ 1895 నవంబర్ 8న ఎక్స్‌రే కనిపెట్టడం, 1901లో నోబెల్ రావడం, ఆ తర్వాత డెవలపర్, ఫిక్సర్, సేఫ్‌లైట్, హైపో లాంటి డార్క్‌రూమ్ ముచ్చట్లు. ప్రభుత్వ రాత పరీక్షకి చదివేవాళ్లు ఉంచుకోండి, అక్కడ ఇలాంటి బిట్లు పనికొస్తాయి. ప్రైవేటు ఆస్పత్రికో డయాగ్నొస్టిక్ సెంటర్‌కో వెళ్లేవాళ్లు ఈ పేజీలన్నీ ఒకేసారి తిప్పేయొచ్చు. అక్కడ అడిగేది సీఆర్, డీఆర్ గురించి, అంటే ఫిల్మ్ లేని డిజిటల్ ఎక్స్‌రే పద్ధతుల గురించి. దానికి పుస్తకం కేటాయించింది ఒకటిన్నర పేజీ. అందులోనూ ఓ తప్పు: ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఇమేజ్ నల్లబడుతుందని రాశారు. అది ఫిల్మ్ నాటి మాట. డిజిటల్‌లో సాఫ్ట్‌వేర్ బ్రైట్‌నెస్‌ని సర్దేస్తుంది, ఇమేజ్ చక్కగానే కనిపిస్తుంది, పేషెంట్‌కి మాత్రం అవసరానికి మించి డోస్ పడుతుంది. తక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తే బొమ్మ గింజలు గింజలుగా వస్తుంది కాబట్టి ఆ భయంతో టెక్నీషియన్లు మెల్లమెల్లగా ఫ్యాక్టర్లు పెంచుకుంటూ పోతారు. దీన్నే డోస్ క్రీప్ అంటారు. ‘ఎక్స్‌పోజర్ ఇండెక్స్ చూస్తావా?’ అని, అంటే డిటెక్టర్‌కి ఎంత ఎక్స్‌పోజర్ తగిలిందో చూపే అంకె గురించి అడిగేది ఇందుకే. ఆ ప్రశ్న పుస్తకంలో ఎక్కడా లేదు.

రేడియేషన్ సేఫ్టీ భాగానికొస్తే అమెరికా కాలు బయటపడుతుంది. పనిచేసేవాళ్లకి డోస్ లిమిట్ ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ డోస్ కొలత) అని ఉంది. అది అక్కడి లెక్క. మన దగ్గర ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ) చెప్పేది ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ జనానికి ఏడాదికి 1 మాత్రమే. 50 అని చెప్పారంటే ఇక్కడి రూల్స్ చదవలేదని బోర్డుకి ఆ ఒక్క అంకెతోనే తెలిసిపోతుంది. టీఎల్‌డీ బ్యాడ్జ్ (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచేది) ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్నకీ అంతే, కాలర్ దగ్గర, ఏప్రాన్ పైన అని రాశారు. ఇక్కడ పద్ధతి ఛాతీ మీద, లెడ్ ఏప్రాన్ లోపల.

బ్యాడ్జ్ లోపల ఏముంటుందో కూడా తెలుసుకుని వెళ్లండి, అడుగుతారు. అల్యూమినియం కార్డు మీద మూడు చిన్న గుండ్రటి డిస్కులు. డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్‌ని టెఫ్లాన్‌లో అదిమి చేస్తారు. ఒక డిస్కు ముందు రాగి-అల్యూమినియం ఫిల్టర్, రెండోదాని ముందు ప్లాస్టిక్, మూడోది ఖాళీ కిటికీ. ఏ డిస్కుకి ఎంత తగిలిందో పోల్చి రేడియేషన్ ఏ రకమో, ఎంత శక్తి ఉందో లెక్కకడతారు. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పోవాలి. అన్నిటితోపాటు ఒక కంట్రోల్ బ్యాడ్జ్ ఉంటుంది, దాన్ని రేడియేషన్ లేని చోట పెట్టాలి. కంట్రోల్‌ని కన్సోల్ పక్కన డ్రాయర్‌లో పడేసే డిపార్ట్‌మెంట్లున్నాయి. అప్పుడు అందరి రీడింగులూ తేడా కొడతాయి. ఎందుకో చెప్పగలిగితే మీ మార్కు అక్కడే పడుతుంది.

గోడల మందం జవాబు సరిగ్గానే ఉంది: ప్రైమరీ బీమ్ పడే గోడ 35 సెం.మీ. ఇటుక, స్కాటర్ (చెదిరిన కిరణాలు) మాత్రమే పడే గోడ 23 సెం.మీ. లెడ్ ఏప్రాన్‌ని మడతపెట్టకూడదు, హ్యాంగర్‌కే వేలాడదీయాలి అన్నదీ ఉంది. మడత దగ్గర లోపలి షీట్ పగుళ్లిస్తుంది, పైకి కనపడదు, ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే) కింద పెట్టి చూస్తేనే తెలుస్తుంది అని ఒక్క వాక్యం చేర్చి ఉంటే బాగుండేది. హెచ్ఐపీఏఏ గురించి రెండు ప్రశ్నలు పెట్టారు, ఇది నవ్వొచ్చే విషయం. అది అమెరికాలో పేషెంట్ల వివరాల గోప్యతకి సంబంధించిన చట్టం. మనకి కావాల్సిన, లింగనిర్ధారణని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం మీద, అల్ట్రాసౌండ్ గదిలో నింపాల్సిన ఫారం-ఎఫ్ మీద ఒక్క ముక్క లేదు.

పొజిషనింగ్ భాగం పుస్తకంలో కాస్త నయం. చెస్ట్ పీఏ (వీపు వైపు నుంచి కిరణాలు పంపి తీసే ఛాతీ ఎక్స్‌రే) దాదాపు ప్రతి ఇంటర్వ్యూలో వస్తుంది. కొన్ని చోట్ల నోటితో చెప్పించుకోరు, అక్కడే ఉన్న అటెండర్‌ని నిలబెట్టి చేసి చూపించమంటారు. పుస్తకం ఇచ్చిన వరుస బాగానే ఉంది: ఛాతీ బకీకి (డిటెక్టర్ ఉండే స్టాండుకి) ఆనించి, గడ్డం పైకెత్తించి, చేతులు నడుం మీద పెట్టించి, మోచేతులు ముందుకి తోయించాలి. భుజం ఎముకల రెక్కలు ఊపిరితిత్తుల మీద నుంచి పక్కకి పోవడానికి అలా చేస్తాం. దూరం 180 సెం.మీ. సెంటరింగ్ టీ7 (ఏడో ఛాతీ వెన్నుపూస) దగ్గర, అంటే రెక్క ఎముక కింది మొన ఎత్తులో. గుండె ముందువైపు ఉంటుంది కాబట్టి పీఏలో అది డిటెక్టర్‌కి దగ్గరై అసలు సైజుకి దగ్గరగా పడుతుంది, ముందు నుంచి తీసే ఏపీలో పెద్దదిగా కనిపిస్తుంది. ఇక్కడిదాకా సరే. గ్రిడ్‌తో (స్కాటర్‌ని ఆపే పలక) 60 కేవీపీ (కిరణాల శక్తిని నిర్ణయించే వోల్టేజి) అని రాసింది మాత్రం కొట్టేయండి. గ్రిడ్ ఉంటే 110 నుంచి 120 దాకా వెళ్లాలి, 60-70 అనేది గ్రిడ్ లేనప్పుడు. తక్కువ కేవీపీలో పక్కటెముకలు కొట్టొచ్చినట్టు కనపడి వాటి వెనకున్న ఊపిరితిత్తి మరుగున పడిపోతుంది.

ఎక్స్‌పోజర్ అయ్యాక ఏం చూడాలో పుస్తకం చెప్పలేదు, కానీ అనుభవం ఉందా లేదా తేల్చేది ఆ ప్రశ్నే. వెనకవైపు పది పక్కటెముకలు లెక్కకి రావాలి. రెండు కాలర్ ఎముకల లోపలి చివరలు వెన్నుపూస ముల్లుకి సమాన దూరంలో ఉండాలి, లేకపోతే పేషెంట్ తిరిగి నిలబడ్డట్టు. రెండు కాస్టోఫ్రెనిక్ (ఊపిరితిత్తుల కింది) మూలలూ కోసుకుపోకుండా పడాలి, సైడ్ మార్కర్ కనపడాలి. పదికి బదులు ఏడెనిమిది ఎముకలే కనిపిస్తే గాలి పీల్చలేదన్నమాట. ఊపిరితిత్తుల కింది భాగం గుమిగూడి లేని నిమోనియా ఉన్నట్టు చూపిస్తుంది.

పేషెంట్‌తో మాట్లాడే జవాబులన్నీ ఇంగ్లీషులో బట్టీ పట్టేలా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇది నడవదు. ‘గాలి గట్టిగా పీల్చండి… బిగపట్టండి… కదలొద్దు… వదిలేయండి’ అని తెలుగులోనూ, ‘సాన్స్ అందర్ లీజియే… రోకియే… ఛోడ్ దీజియే’ అని హిందీలోనూ తడుముకోకుండా రావాలి. పాతబస్తీ నుంచి వచ్చే పెద్దవాళ్లకి మొదటి మాట కూడా అర్థం కాకపోతే బిగపట్టే టైం దాటిపోతుంది, రిపీట్ తప్పదు. బటన్ నొక్కకముందు ఒకసారి ఉత్తిగా చేయించి చూడటం మంచి జవాబు. జడ ముందుకి పడితే ఊపిరితిత్తి పైభాగం మీద మచ్చలా కనపడుతుంది, పైకి కట్టించాలి. తావీజు, గొలుసు తీయించాలి. మంగళసూత్రం తీయనంటే ఏం చేస్తారన్నది బోర్డు సరదాగా అడిగే ప్రశ్న. బలవంతం చేయకుండా గడ్డం మీదకి జరిపించి ఊపిరితిత్తుల మీద లేకుండా చూస్తానని చెప్పండి. ఆడవాళ్లని నెలసరి గురించి అడగాలి, అదీ అందరి ముందు కాదు: ‘నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా, గర్భం ఏమైనా ఉండే అవకాశం ఉందా?’ అని, తలుపేశాక.

వాటర్స్ వ్యూకి (సైనస్‌ల కోసం తీసే ముఖం ఎక్స్‌రే) ఒక పేజీలో 37 డిగ్రీలు, మరో పేజీలో 45 డిగ్రీలు అని ఉంది. ఇది అచ్చుతప్పు కాదు. కంటి కొన నుంచి చెవి దాకా గీసే గీత డిటెక్టర్‌తో చేసే కోణం అమెరికన్ పుస్తకాల్లో 37, బ్రిటిష్ పుస్తకాల్లో 45. రాసినవాళ్లు రెండు చోట్ల నుంచి దించేసి కలపడం మర్చిపోయారు. మీరు చదివిన పద్ధతి చెప్పి, పెట్రస్ ఎముక మాక్సిలరీ సైనస్ కింద పడాలన్న ఉద్దేశం చెబితే ఏ అంకె చెప్పినా గొడవ ఉండదు.

లెక్కల్లో అచ్చుతప్పులు మాత్రం నిజమైనవే. 100 సెం.మీ. దగ్గర 10 ఎంఏఎస్ (ఎక్స్‌రేల పరిమాణాన్ని నిర్ణయించే అంకె) అయితే 200 సెం.మీ. దగ్గర ఎంత అన్నదానికి 20 అని వేశారు. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి 40 కావాలి. అదే 100 నుంచి 180కి జరిగితే 1.8ని 1.8తో గుణిస్తే 3.24, అంటే 10 ఎంఏఎస్ కాస్తా 32కి పైగా అవుతుంది. పదిహేను శాతం రూల్ సరిగ్గా ఉంది: 70 కేవీపీని సుమారు 80 చేస్తే ఎంఏఎస్‌ని సగానికి తగ్గించొచ్చు.

పెద్ద ఆస్పత్రిలో సీటీ పోస్టుకి వెళ్లేవాళ్లు ఈ పుస్తకాన్నే నమ్ముకోవద్దు. సీటీలో సాంద్రత చెప్పే హౌన్స్‌ఫీల్డ్ అంకెలు ఉన్నాయి, నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకి మైనస్ 100 దరిదాపు. అవి సరే. కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనపడ్డానికి ఎక్కించే మందు) దగ్గరే తేలిపోయింది. పన్నెండు గంటల ఉపవాసం అని రాశారు, మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు చాలు. షుగర్ పేషెంట్లందరికీ రెండు రోజుల ముందే మెట్‌ఫార్మిన్ ఆపాలన్నదీ పాతమాటే. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ పనితీరు అంకె) 30 కన్నా తక్కువుంటేనో, కిడ్నీ అప్పుడే దెబ్బతిని ఉంటేనో స్కాన్ రోజు నుంచి 48 గంటలు ఆపి, మళ్లీ క్రియాటినిన్ చూసి మొదలుపెడతారు. కొన్ని డిపార్ట్‌మెంట్లు అందరికీ ఆపే పద్ధతే పాటిస్తాయి కాబట్టి ‘ఇక్కడి ప్రోటోకాల్ ప్రకారం’ అన్న మాట కలపండి.

కాంట్రాస్ట్ ఎక్కించడానికి నరంలో పెట్టే క్యాన్యులా రంగులు పుస్తకంలో లేనే లేవు. ఆకుపచ్చ 18 గేజ్, గులాబీ 20, నీలం 22, పసుపు 24. పొట్ట సీటీ మామూలు కాంట్రాస్ట్‌కి సెకనుకి 3 మి.లీ. చొప్పున 80 నుంచి 100 మి.లీ. దాకా పోతుంది, మోచేతి మడతలో గులాబీ చాలు. లివర్ ట్రిపుల్ ఫేజ్‌కి (కాంట్రాస్ట్ ఎక్కాక మూడు దశల్లో తీసే స్కాన్) సెకనుకి 4-5 మి.లీ. కావాలి, అప్పుడు ఆకుపచ్చ అడగాలి. వార్డు నుంచి ముంజేతి మీద నీలం పెట్టి పంపితే ఏం చేస్తారు? చూడకుండా ఇంజెక్టర్ కలపను, ముందు సెలైన్ తోసి చూస్తాను, ఫ్లో రేటుకి సరిపోకపోతే మార్పించమని సిస్టర్‌కి చెబుతాను, ఇదీ క్రమం. ఆర్టీరియల్ ఫేజ్ 25 నుంచి 35 సెకన్లకి, పోర్టల్ వీనస్ 65-70 సెకన్లకి. కాంట్రాస్ట్ చర్మం కింద లీకైతే ఇంజెక్షన్ ఆపి, చెయ్యి ఎత్తిపెట్టి, చల్లటి కాపడం పెట్టి, రేడియాలజిస్టుని పిలవాలి.

కాంట్రాస్ట్ రియాక్షన్‌కి పుస్తకం ఇచ్చిన జవాబు అన్నిటికన్నా ప్రమాదకరం: ఎవిల్, హైడ్రోకార్టిసోన్ ఇవ్వాలని రాసి ఊరుకుంది. బీపీ పడిపోయి, ఊపిరాడక, గొంతు వాచిన పేషెంట్‌కి అవి వెంటనే పనిచేయవు. మొదటి మందు అడ్రినలిన్, పెద్దవాళ్లకి 1:1000 ద్రావణం 0.5 మి.లీ. తొడ కండరంలోకి, డాక్టర్ ఆర్డర్ మీద. టెక్నీషియన్ చేయాల్సింది ఇంజెక్టర్ ఆపడం, కేక వేసి మనుషుల్ని పిలవడం, క్యాన్యులా పీకకుండా ఉంచడం, కాళ్లు ఎత్తడం, ఆక్సిజన్ పెట్టడం, ఎమర్జెన్సీ ట్రే ఎక్కడుందో తెలిసి ఉండటం.

ఎంఆర్ఐకి టీ1లో నీరు నల్లగా, టీ2లో తెల్లగా అన్నంత వరకే ఉంది. ఆక్సిజన్ సిలిండర్, పేస్‌మేకర్, అయస్కాంతాన్ని ఆపే క్వెంచ్ బటన్ ఎప్పుడు నొక్కాలి, ఇవేవీ లేవు. ఐసీయూలో మొబైల్ ఎక్స్‌రే గురించీ అంతే. నైట్ డ్యూటీలో చేరగానే తగిలేది అదే: పక్కనున్న బెడ్ల వాళ్లకి వినపడేలా ‘ఎక్స్‌రే’ అని చెప్పడం, కనీసం 2 మీటర్ల దూరం నుంచి వేయడం, ఇమేజ్ మీద ఏపీ సుపైన్ (వెల్లకిలా పడుకోబెట్టి తీసింది) అని గుర్తు పెట్టడం.

చివర్లో హెచ్ఆర్ ప్రశ్నలు పది పేజీలు, ‘నా బలహీనత ఏమిటంటే అతిగా కష్టపడటం’ బాపతు. చింపేసినా నష్టం లేదు. దానికి బదులు ఫైల్లో ఏం పెట్టుకోవాలో రాసి ఉండాల్సింది: టెన్త్, ఇంటర్, డిప్లొమా మెమోలు, తెలంగాణ పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్, ఇంతకుముందు పనిచేసి ఉంటే ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తోపాటు టీఎల్‌డీ నంబరు, పాత డోస్ రిపోర్టులు. ఈ చివరివి చాలామంది పాత ఆస్పత్రిలోనే వదిలేసి వస్తారు. మానేసే రోజే అడిగి తీసుకోవాలి.

ముద్రణ గురించి ఓ మాట. పుస్తకంలోని ఎక్స్‌రే బొమ్మలు జిరాక్స్ మీద జిరాక్స్ అయి నల్లటి చతురస్రాలుగా మిగిలాయి. కాలర్ ఎముక ఎక్కడో, గుండె ఎక్కడో వెతుక్కోవాలి. షాపులో డబ్బులిచ్చేముందు సేఫ్టీ భాగం తెరిచి డోస్ లిమిట్ ఎంత వేశారో చూడండి. 50 ఉంటే అక్కడే పెట్టేయండి. 20, 30 అని దిద్దిన ప్రింటు దొరికితే పొజిషనింగ్ పేజీల కోసం తీసుకోండి, కాంట్రాస్ట్ పేజీల మీద పెన్నుతో అడ్డగీత గీసుకుని.