ట్రయంఫ్ టీఆర్6: క్రాంక్ వెనక ఆ మూడో ముక్క

సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కినప్పుడు ఇంజిన్ ఐడిల్ చెక్కుచెదరకుండా ఉండటం ఎంత హాయో పాత ట్రయంఫ్ సిక్స్ సిలిండర్ కారు నడిపినవాళ్లకు బాగా తెలుసు. నాది టీఆర్6, ట్రయంఫ్ వాళ్ల పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. అందులో ఆ హాయికి కారణం ఇంజెక్షనూ కాదు, ఇగ్నిషనూ కాదు. ఇంజిన్లో తిరిగే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్ వెనక, ఎవరికీ కనపడని చోట, ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో ఒక పాతకాలపు టూల్‌మేకర్ తయారుచేసి బిగించిన అర్ధచంద్రాకారపు బ్రాంజ్ ముక్క. దాంతో ఏళ్ల తరబడి తిరిగి, మంచీ చెడూ చూశాక ఇది రాస్తున్నాను. రెండున్నర లీటర్ల ఇంజిన్, లూకాస్ ఇంజెక్షన్, కార్మన్ వాళ్లు దిద్దిన బాడీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

అసలు జబ్బేమిటో చెప్పాలి. క్లచ్ తొక్కిన ప్రతిసారీ రిలీజ్ బేరింగ్ వెళ్లి క్లచ్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగును నొక్కుతుంది. ఆ తోపు ఫ్లైవీల్ మీదుగా క్రాంక్‌కు చేరి దాన్ని రేడియేటర్ వైపు నెడుతుంది. అలా ముందుకు జరగకుండా ఆపే పని వెనక మెయిన్ బేరింగ్ దగ్గరున్న థ్రస్ట్ వాషర్లది. ఈ ఇంజిన్లో అవి ఉంగరంలో సగంలా ఉండే ముక్కలు, ముందు ఒక సగం, వెనక ఒక సగం, అంతే. రెండూ పైన బ్లాక్ వైపే ఉంటాయి. కింద, బేరింగ్‌ను బిగించి పట్టే క్యాప్ వైపు ఏమీ ఉండదు. బరువంతా పడేది వెనక వాషర్ మీద. అది అరిగి అరిగి పలచబడితే, దాన్ని చోటు కదలకుండా పట్టి ఉంచిన క్యాప్ అంచుకూ క్రాంక్‌కూ మధ్య సందులోంచి గిర్రున తిరిగి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో పడిపోతుంది. ఆ తర్వాత క్రాంక్ నేరుగా బ్లాక్‌నే కొరుకుతుంది. అదే కాలపు ఇంకో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఇంజిన్లో మధ్య బేరింగ్ దగ్గర పైనా కిందా రెండు సగాలూ ఉన్నాయి, కింది వాటికి తిరగకుండా నాలుకలు కూడా పెట్టారు. ట్రయంఫ్ వాళ్లు ఈ ఒక్క చోట ఎందుకు పొదుపు చేశారో తలుచుకుంటే నాకిప్పటికీ మంటే.

నేను కొన్నప్పుడు ఇంజిన్ పూర్తిగా కట్టించామని బిల్లులు చూపించారు. కట్టిన వర్క్‌షాప్ పేరు చెప్పను. బిల్లులో థ్రస్ట్ వాషర్లు స్టాండర్డ్ సైజు అని మాత్రం ఉంది, ఎండ్ ఫ్లోట్, అంటే క్రాంక్ ముందుకూ వెనక్కీ కదలగల సందు, ఎంత వచ్చిందో ఎక్కడా రాయలేదు. మాన్యువల్ ప్రకారం అది 6 నుంచి 8 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) మధ్య ఉండాలి. ఇంజిన్ కట్టేవాడు కొలిచి తీరాల్సిన సంఖ్య అది, కొలిస్తే కాగితం మీద రాసిచ్చే సంఖ్య కూడా.

ఒక వేసవి సాయంత్రం కవెంట్రీ రింగ్ రోడ్ దిగి సిగ్నల్ దగ్గర ఆగాను. క్లచ్ తొక్కగానే ఆర్‌పీఎం దిగజారింది. వదిలితే మళ్లీ లేచింది. ఇంకోసారి తొక్కితే కింద నుంచి ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు. ఇంజిన్ అక్కడే ఆపేసి, రికవరీ బండి మీద ఇంటికి చేర్చాను. మర్నాడు క్రాంక్ పుల్లీకి, సన్న కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి, మా ఆవిడను క్లచ్ తొక్కమన్నాను. ముల్లు కొంచెం కదిలి ఆగుతుందనుకుంటే గుండ్రంగా తిరిగిపోయింది. గేజ్ అక్కర్లేకుండానే పుల్లీ ముందుకు రావడం కంటికి కనిపిస్తోంది. సంప్ విప్పితే అడుగున నల్లటి ఆయిల్లో వెనక వాషర్ పడి ఉంది. ఒకవైపు పైపొరగా ఉండాల్సిన తెల్ల లోహం ఆనవాలే లేదు, స్టీలు మెరుస్తోంది. ఒక మూల కాగితమంత పలచనై వంగిపోయింది.

విజయవాడ ఆటోనగర్లో మా బాబాయికి లేత్ షెడ్డు ఉంది. వీడియో కాల్లో ఆ ముక్క చూపిస్తే ఆయన మొదట అడిగింది ఇదే: "ఒరేయ్, తోపంతా వెనక పక్కే పడుతుంటే అక్కడ సగం ముక్కే పెట్టారేంట్రా? కింద సగం ఏదీ?" నేను మళ్లీ చెప్పాల్సిన పని లేకుండా ఆయనే అన్నాడు, క్యాప్ వెనక ముఖాన్ని వాషర్ మందం మేర మిల్లింగ్ చేసి, మూడో ముక్క కూర్చోబెట్టి, తిరక్కుండా పిన్నులు కొట్టించమని. ఈ మార్పు ట్రయంఫ్ ఇంజిన్లు కట్టేవాళ్లకు కొత్తేమీ కాదు. కానీ డ్రాయింగు కూడా చూడకుండా ఆయన నోట అదే మాట వచ్చేసరికి నాకు ధైర్యం వచ్చింది.

ఈ కారు పుట్టిన కాన్లీ ఫ్యాక్టరీ మా ఇంటికి దగ్గరే. 1980లో అక్కడ కార్ల తయారీ ఆగిపోయింది. కానీ ఆ తరం చేతిపని ఊళ్లో చిన్న చిన్న షెడ్లలో ఇంకా బతికే ఉంది. నాకు దొరికినాయన రిటైరైన టూల్‌మేకర్. బ్లాక్ చూశాడు. వెనక ముఖం మీద గీతలు పడ్డాయి గానీ లోతు లేదు. దాన్ని సాపు చేసి, ఆ తగ్గిన మేరకు పై వాషర్‌ను మందంగా తయారుచేస్తానన్నాడు. స్టాండర్డ్ వాషర్ మందం సుమారు 2.3 మిల్లీమీటర్లు. మాది అల్యూమినియం బ్రాంజ్ కడ్డీ నుంచి లేత్ మీద తీసి, ఆయిల్ పారే గాడులు కోసి, రెండు సగాలుగా చేసింది. కింది ముక్కకు రెండు ఇత్తడి పిన్నులు. వాటి తలలు వాషర్ ముఖం కంటే లోపలికి దిగి ఉండాలి, ఏ మాత్రం పైకి పొడుచుకొచ్చినా క్రాంక్‌ను గీకేస్తాయి.

ఈ పనిలో ప్రాణమంతా తర్వాతి ఘట్టంలో ఉంది. పై సగం, కింద సగం ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే మూడో ముక్క అలంకారానికే. ఆయన క్రాంక్ ముఖానికి పలచగా నీలం రంగు పూసి, క్యాప్ బిగించి, క్రాంక్‌ను ముందుకు నెట్టి చేత్తో తిప్పి మళ్లీ విప్పాడు. పై ముక్క నిండా నీలం, కింది దాని మీద ఒక అంచున చిన్న మచ్చ. అంటే పైది ఎత్తుగా ఉంది. గాజు పలక మీద సన్న ఎమరీ పేపరు పరిచి, నూనె చుక్కలు వేసి, పై ముక్క వీపును వేళ్లతో నెమ్మదిగా తిప్పుతూ అరగదీశాడు. మైక్రోమీటర్ పెట్టడం, మళ్లీ నీలం పూయడం, మళ్లీ విప్పడం. మధ్యాహ్నమంతా ఇదే. ఆఖరుకు రెండింటి మీదా నీలం సమానంగా అంటింది. ఎండ్ ఫ్లోట్ సరిగ్గా 6 థౌ. నేను డబ్బిచ్చి చేయించుకున్న పనుల్లో ఇంత ఓపికతో జరిగింది ఇంకోటి గుర్తుకు రావడం లేదు.

కారు రోడ్డెక్కాక తేడా మొదటి సిగ్నల్లోనే తెలిసింది. క్లచ్ తొక్కినా ఆర్‌పీఎం ముల్లు కదల్లేదు. క్లచ్ పట్టే చోటు కూడా రోజూ ఒకేలా ఉంటోంది. ఇంతకుముందు చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక ఒకలా ఉండేది.

కొత్తలో నాకు తెలిసిన ట్రయంఫ్ వాళ్లందరికీ ఇక సంప్ జన్మలో విప్పక్కర్లేదని చెప్పాను. ఇప్పుడైతే, ఆయిల్ శుభ్రంగా ఉన్నంతకాలం అని కలుపుతాను. తెల్ల లోహం మెత్తన, చిన్న నలుసు వస్తే తనలోకి మింగేస్తుంది. బ్రాంజ్‌కు ఆ గుణం తక్కువ. ఒక ఆయిల్ మార్పులో ఫిల్టర్ కోసి చూస్తే మడతల్లో బంగారు రంగు పొడి మెరిసింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. సంప్ విప్పితే వాషర్లు గట్టిగానే ఉన్నాయి, ముఖం మీద మాత్రం సన్నటి వలయాకారపు గీతలు. మూలం ఆయిల్ కూలర్లో దొరికింది. పాత వాషర్ అరిగినప్పటి ఇనుప పొడి దాని సన్న గొట్టాల్లో దాక్కుని, కొంచెం కొంచెంగా బయటికొస్తోంది. బ్లాక్ కడగొచ్చు గానీ కూలర్‌ను లోపల నమ్మకంగా కడగడం కష్టం. కొత్తది వేశాక ఆ మెరుపు మళ్లీ కనపడలేదు. ఎండ్ ఫ్లోట్ ఇప్పుడు 7 థౌ. స్టాండర్డ్ వాషర్లతో ఇంతకాలం తిరిగి ఇంత తక్కువ అరుగుదల నేనెక్కడా చూడలేదు.

ఇంకో రెండు సంగతులు. ఇంజిన్ పైన వాల్వులను నొక్కే రాకర్లకు బయటి నుంచి అదనపు ఆయిల్ పైపు వేసే అలవాటు ఈ ఇంజిన్లకు బాగా ఉంది. నా కారుకూ పాత ఓనరు వేయించాడు. పైకి పోయే ఆ ఆయిల్ మెయిన్ బేరింగులకు తగ్గుతుందన్న భయంతో నేను తీయించేశాను. అలాగే గట్టి స్ప్రింగున్న క్లచ్ వేస్తే తోపు పెరిగి, చేసిన మేలంతా పోతుంది. మెత్తటి డయాఫ్రమ్ ఉన్నదే వాడుతున్నాను. సిగ్నల్లో న్యూట్రల్ చేసి కాలు తీసేస్తాను, స్టార్ట్ చేసేటప్పుడు క్లచ్ తొక్కను.

మరి అందరూ చేయించుకోవాలా? అంత గట్టిగా అనలేను. మెయిన్ క్యాప్ ఆ బ్లాక్‌తో కలిపి బోర్ చేసింది. మిల్లింగ్‌లో పాడైతే వేరే ఇంజిన్ నుంచి తెచ్చి ఊరికే బిగించడం కుదరదు. చేసే మనిషి చేతి మీద నమ్మకం ఉండాలి. నాకు అలాంటాయన పక్క వీధిలో దొరికాడు, కారూ ఎండాకాలం వారాంతాల్లోనే తిప్పుతాను. రోజూ ట్రాఫిక్‌లో తిప్పే కారైతే లెక్క వేరు కావొచ్చు. మీ ఇంజిన్ బాగా నడుస్తూ ఎండ్ ఫ్లోట్ 8 థౌ లోపే ఉంటే దాన్ని ముట్టుకోకండి. కొంచెం దాటితే ఇంజిన్ దించకుండానే సంప్ విప్పి, క్యాప్ తీసి, కొంచెం మందంగా ఉండే ఓవర్‌సైజు వాషర్లు పక్క నుంచి జరిపి పెట్టుకోవచ్చు, చాలామందికి అదే సరిపోతుంది. మూడో ముక్క సంగతి ఎలాగూ క్రాంక్ బయటికి వచ్చిన రోజున చూసుకోండి. డయల్ గేజ్ మాత్రం ఈ వారమే కొని, ఒకసారి పుల్లీకి ఆనించి చూడండి.