జడ అల్లుతున్నారు, విప్పడం ఇంకా రావాలి

తిరుచానూరు పక్కన ఒక సర్కారు బడిలో సాయంత్రం పూట నడుస్తున్న కోలాటం తరగతి ఇది. ఫీజు లేదు, కోలలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

కోలల దగ్గర గురువుగారి పట్టుదల మెచ్చుకోదగ్గది. ప్లాస్టిక్ గొట్టాలు తెస్తే వెనక్కి పంపేస్తారు. చెక్క కోలే కావాలి, పిలకాయ చేతికి మూరెడు పొడవుండాలి. అడుగున నాలుగు వేళ్లు వదిలి వదులుగా పట్టుకోవాలి. బిగించి పడితే దెబ్బ మణికట్టుకెక్కుతుంది, మరీ చివర పడితే కోల అదుపు తప్పి ఎదుటి ఉద్ది (జతగా ఆడే మనిషి) వేళ్లకు తగులుతుంది. మొదటి వారమంతా ఇదే. విసుగే, అయినా అవసరం.

ఇక జడకోపు. కోపు అంటే ఆటలో ఒక వరస; పైన కొక్కేనికి కట్టిన తాళ్లు తలా ఒకటి పట్టుకుని, తిరుగుతూ వాటిని జడలా అల్లేది జడకోపు. 8 మందిలో నలుగురు కుడికి, నలుగురు ఎడమకు తిరుగుతారు. కుడికి వెళ్లేవాళ్లు ఎదురైన మొదటి మనిషిని తమ తాడు కింద దాటిస్తారు, రెండో మనిషి తాడు కింద తాము దూరతారు. ఒక్కరు వరుసగా రెండుసార్లు దూరినా అల్లేటప్పుడు ఎవరికీ కనబడదు. వెనక్కి తిరిగి వరుస ప్రకారం విప్పబోతే అక్కడే చిక్కు. ఆఖరున కింద దూరినవాళ్లే విప్పేటప్పుడు మొదట దూరాలి. ఈ ముక్క ఇక్కడ గట్టిగా నేర్పడం లేదు. పైగా తాళ్లు నైలాన్‌వి, జడ జారిపోతోంది. నూలు తాడైతే నిలుస్తుంది. కొక్కెం 10 అడుగుల ఎత్తులో ఉంటే తాడు 12 అడుగులైనా ఉండాలి, జడ పెరిగేకొద్దీ చేతిలో తాడు తగ్గిపోతుంది కదా.

బడి చేసిన గొప్ప పని నోటుబుక్కులు. ఊరి అవ్వలు పాడే పాటలు రాయించి, పక్కనే కోపు పేరు, ఎక్కడ తిరగాలో బాణం గుర్తు పెట్టించారు. పాటైతే ఎక్కడైనా దొరుకుతుంది, కోపు దొరకదు. తీరా ఆడించేది మాత్రం స్పీకర్లో పెట్టిన పాటకి! గురువు తాళమైతే వెనకబడిన ఉద్ది కోసం ఆగుతుంది, అందరూ కలిశాక వేగం పెంచుతుంది. స్పీకరు ఆగదు. అందుకే వెనక వరుసలో కోలలు గాలిలో ఆడుతున్నాయి.

కార్తీక బ్రహ్మోత్సవాల్లో అమ్మవారి వాహనం ముందు ఆడించే ఉద్దేశముంటే, రెండు బారులుగా నడుస్తూ ఆడే కోపులు ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇక్కడ నేర్పేదంతా గుండ్రంగా తిరిగేదే. వీధిలో కొక్కెం ఎక్కడ తగిలిస్తారు?